లోహపు ట్యాంకులకు ఫిట్టింగుల వెల్డింగ్: రేకు వంకర పోకుండా పాటించవలసిన పద్ధతులు

వ్యవసాయంలో లోహపు ట్యాంకుల వాడకం విస్తృతంగా ఉంది. ట్రాక్టర్ వెనుక లాగే నీటి ట్యాంకు, బిందు సేద్యంలో ఎరువుల ట్యాంకు, ఇసుక వడపోత ట్యాంకు, గోబర్ గ్యాస్ డ్రమ్ము, పాలు నిల్వ చేసే స్టెయిన్‌లెస్ స్టీలు పాత్ర వంటివి ఇందుకు ఉదాహరణలు. వీటిలో ప్రతిదానికీ నీరు లేదా వాయువు లోపలికి వచ్చే దారి, బయటికి పోయే దారి, అడుగున మడ్డి తీసే దారి ఉండాలి. ఆ దారులకు సాకెట్లు, నిపుల్స్, ఫ్లాంజీలు వెల్డింగ్ చేసి అతికిస్తారు. ట్యాంకు కొనేటప్పుడు రైతు రేకు మందం ఎంత, రంగు ఏ రకం అని అడుగుతాడు. సాకెట్‌ను ఎలా అతికించారన్న ప్రశ్న సాధారణంగా రాదు. అయితే మంచి రేకుతో చేసిన ట్యాంకు కూడా సాకెట్ చుట్టూ లోపలికి కుంగితే, మూత కూర్చునే అంచు వంకర పోతే, మరలు బిగుసుకుపోతే పనికిరాకుండా పోతుంది.

ఈ లోపానికి పనివాడి చేతి నైపుణ్యం తక్కువ కావడమే కారణమని సాధారణంగా భావిస్తారు. అది కొంతవరకే నిజం. వంకర ఎంత వస్తుందన్నది చాలావరకు ఆర్క్ వెలిగించక ముందే నిర్ణయమవుతుంది. రంధ్రం ఎంత ఖచ్చితంగా కోశారు, ఎంత పరిమాణం వెల్డ్ వేయాలనుకున్నారు, ఏ క్రమంలో వేయదలచారు అన్నవే అసలు కారణాలు. ఈ విషయాలను శాస్త్రీయంగా అర్థం చేసుకుంటే గ్రామస్థాయి వర్క్‌షాపులో ఉన్న సామగ్రితోనే మంచి ఫలితం సాధించవచ్చు.

వేడికి రేకు ఎందుకు వంకర పోతుంది?

లోహం వేడెక్కితే వ్యాకోచిస్తుంది, చల్లబడితే సంకోచిస్తుంది. పలకనంతా ఒకేలా వేడిచేసి ఒకేలా చల్లారిస్తే అది తిరిగి పూర్వపు ఆకారానికే వస్తుంది. వెల్డింగ్‌లో అలా జరగదు. కొద్దిపాటి చోటు కరిగే స్థితికి చేరుతుండగా దాని చుట్టూ ఉన్న రేకు చల్లగానే ఉంటుంది. వేడెక్కిన భాగం వ్యాపించబోతే చల్లని భాగం అడ్డుపడుతుంది. వేడి లోహం మెత్తబడి ఉండటం వల్ల పక్కకు సాగలేక, మందంలో ఉబ్బుతుంది. చల్లారేటప్పుడు అదే భాగం తన మొదటి కొలత కంటే తక్కువకు కుంచించుకుపోవాలని చూస్తుంది. చుట్టూ ఉన్న రేకును తనవైపు లాగుతుంది. ఆ లాగుడుకు రేకు లొంగితే వంకర వస్తుంది. లొంగకపోతే ఆ బలం లోపలే అవశేష ప్రతిబలంగా మిగిలిపోతుంది.

దీనిని అంకెలలో చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. మృదు ఉక్కు ఉష్ణ వ్యాకోచ గుణకం డిగ్రీ సెల్సియస్‌కు మీటరుకు సుమారు 12 మైక్రాన్లు. 100 మి.మీ. పొడవున్న ముక్క 800 డిగ్రీల మేర వేడెక్కితే దాదాపు 0.96 మి.మీ. పెరగాలి. కాని అదే ముక్క శాశ్వతంగా రూపు మారకుండా సాగగలిగేది 0.125 మి.మీ. వరకే. మృదు ఉక్కు లొంగే ప్రతిబలం 250 మెగా పాస్కల్స్, యంగ్ గుణకం 200 గిగా పాస్కల్స్ అని తీసుకుంటే ఈ లెక్క వస్తుంది. అంటే రెండు కొనలనూ కదలకుండా పట్టి ఉంచిన ఉక్కు ముక్కను సుమారు 104 డిగ్రీల మేర వేడిచేస్తే చాలు, దానిలో శాశ్వతమైన మార్పు మొదలవుతుంది. ఉక్కు కరగడానికి సుమారు 1,500 డిగ్రీలు కావాలి. కనుక వెల్డింగ్ చేసిన ప్రతి చోటా కొంత సంకోచం తప్పదు. దానిని పూర్తిగా తొలగించడం సాధ్యం కాదు. తగ్గించడం, సమానంగా పంచడం, హాని లేని దిక్కుకు మళ్లించడం మాత్రమే సాధ్యం.

సాకెట్ చుట్టూ జరిగే మార్పులు

తిన్నని అతుకుకూ, సాకెట్ చుట్టూ వేసే వలయాకారపు అతుకుకూ ముఖ్యమైన తేడా ఉంది. వలయం చల్లారేటప్పుడు చుట్టూ ఉన్న రేకును అన్ని వైపుల నుంచి కేంద్రం వైపు లాగుతుంది. పెద్ద వలయంలో ఉన్న లోహం చిన్న వలయంలో ఇమడవలసి రావడం వల్ల రేకు చుట్టుకొలత దిశలో నొక్కుకుపోతుంది. సన్నని రేకు ఆ నొక్కుడును తట్టుకోలేక అలలు అలలుగా ముడుచుకుంటుంది. వేలితో నొక్కితే ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి టకటకమని కదిలే డొప్ప ఈ విధంగానే ఏర్పడుతుంది.

వెల్డ్ రేకుకు ఒకవైపే ఉండటం మరొక కారణం. బయటి వైపు లోహం ఎక్కువగా, లోపలి వైపు తక్కువగా కుంచించుకుంటాయి. దానితో సాకెట్ ఉన్న చోట రేకు పళ్లెంలా లోపలికి కుంగుతుంది. గుండ్రని ట్యాంకు గోడపై కూడా సాకెట్ దగ్గర వంపు తగ్గి చదునుగా మారడం, లోపలికి దిగడం తరచుగా కనిపించే లోపమే.

రేకు మందం ఇక్కడ నిర్ణాయకమైన అంశం. వంగడాన్ని ఎదిరించే గుణం మందం ఘనానికి అనుపాతంలో ఉంటుంది. 4 మి.మీ. పలకతో పోలిస్తే 2 మి.మీ. రేకుకు ఆ గుణం ఎనిమిదో వంతే ఉంటుంది. అందువల్ల మందమైన పలకలపై పనిచేయడానికి అలవాటుపడిన వెల్డర్ అదే పద్ధతిని 14 గేజి లేదా 16 గేజి రేకుపై ప్రయోగిస్తే ఫలితం చెడిపోతుంది. 14 గేజి అంటే దాదాపు 2 మి.మీ., 16 గేజి అంటే దాదాపు 1.6 మి.మీ. మాత్రమే.

నష్టం రేకుతోనే ఆగదు. సాకెట్ ఒకవైపు ఎక్కువగా వేడెక్కితే దాని రంధ్రం కోలగా మారి, మరలు సరిగా కూర్చోవు. మూత అంచుకు దగ్గరగా వెల్డ్ చేస్తే ఆ అంచు చదును తప్పి, రబ్బరు వాషరు ఎంత బిగించినా కారుతూనే ఉంటుంది. బిందు సేద్యంలో వాడే ఎరువుల ట్యాంకులో ఇది ప్రమాదకరం. ఈ ట్యాంకు ప్రధాన పైపుకు సమాంతరంగా కలిసి, పైపులోని పూర్తి పీడనాన్ని భరిస్తుంది. పీడనం చదరపు సెంటీమీటరుకు 1.5 కిలోలు, మూత వ్యాసం 40 సెం.మీ. అనుకుంటే మూతపై పడే బలం సుమారు 1,885 కిలోలు. అంత బలాన్ని మోసే మూత వంకర అంచు మీద అసమానంగా కూర్చుంటే బోల్టులలో కొన్నింటిపైనే భారం పడుతుంది.

లోహాన్ని బట్టి తేడాలు

స్టెయిన్‌లెస్ స్టీలు మృదు ఉక్కు కంటే త్వరగా వంకర పోతుంది. 304 రకం వ్యాకోచ గుణకం సుమారు 17 మైక్రాన్లు. అంటే మృదు ఉక్కు కంటే 40 శాతం ఎక్కువ. ఉష్ణవాహకత మాత్రం మృదు ఉక్కులో మూడో వంతే. వేడి దూరంగా పాకకుండా అతుకు దగ్గరే నిలిచిపోతుంది. పైన చెప్పిన లెక్కను ఈ లోహానికి వర్తింపజేస్తే, కదలకుండా పట్టిన ముక్కలో సుమారు 60 డిగ్రీల పెరుగుదలకే శాశ్వత మార్పు మొదలవుతుంది. అంతేగాక 450 నుంచి 850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే ఈ ఉక్కులోని క్రోమియం, కార్బన్‌తో కలిసి కార్బైడుగా విడిపోతుంది. ఆ చోట తుప్పును నిరోధించే శక్తి తగ్గుతుంది. కనుక పాల పాత్రలకు, ఆమ్ల స్వభావం ఉన్న ఎరువుల ద్రావణాలకు వాడే ట్యాంకులను 0.03 శాతానికి మించని కార్బన్ గల 304ఎల్ రకంతో చేయించడం, తక్కువ వేడితో టిగ్ వెల్డింగ్ చేయించడం మేలు.

అల్యూమినియం వేడిని చాలా త్వరగా దూరానికి పంపుతుంది. దాని వ్యాకోచ గుణకం మృదు ఉక్కుకు దాదాపు రెట్టింపు. పైగా లోహం 660 డిగ్రీలకే కరుగుతున్నా, దానిపై ఉండే ఆక్సైడు పొర 2,000 డిగ్రీలు దాటితేగాని కరగదు. ఏ.సి. టిగ్ యంత్రం, అనుభవం లేని చోట అల్యూమినియం ట్యాంకుకు వెల్డింగ్ చేయించకుండా, రబ్బరు వాషర్లతో రెండు వైపులా నట్టు బిగించే ట్యాంక్ నిపుల్ వాడటం ఉత్తమం.

సాకెట్ ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. దుకాణాలలో దొరికే జి.ఐ. పైపు ఫిట్టింగులలో అధికభాగం మాలియబుల్ కాస్ట్ ఐరన్‌తో పోత పోసినవి. వాటిని ఆర్క్‌తో కరిగించి అతికిస్తే వెల్డ్ పక్కనున్న భాగం గట్టిపడి గాజులా పెళుసుగా తయారవుతుంది. ట్రాక్టర్ కుదుపులకు అక్కడే పగులుతుంది. అంచుల వద్ద ఉబ్బెత్తు పట్టీ ఉన్నవి సాధారణంగా పోత ఫిట్టింగులు. వెల్డింగ్‌కు నున్నని గొట్టంలా ఉండే ఉక్కు సాకెట్‌ను మాత్రమే ఎంచుకోవాలి. దానిపై జింకు పూత ఉంటే అతుకు పడే మేర గీకివేయాలి. జింకు 907 డిగ్రీల వద్ద మరిగి తెల్లని పొగగా మారుతుంది. ఆ పొగ పీల్చిన వారికి చలిజ్వరం వంటి లక్షణాలు కనిపిస్తాయి. వెల్డ్‌లో బుడగలు కూడా ఏర్పడతాయి.

ఆర్క్ వెలిగించక ముందు చేయవలసిన పనులు

స్థానం నిర్ణయం: వెడల్పైన చదును గోడ మధ్యభాగం అన్నింటికంటే బలహీనమైన చోటు. వీలైనంతవరకు మూలకు, యాంగిల్ పట్టీకి సమీపంగా లేదా వంపు ఉన్న భాగంలో సాకెట్‌ను అమర్చాలి. పాత అతుకు మీద గాని, దానికి ఆనుకొని గాని రంధ్రం పెట్టరాదు. కనీసం 50 మి.మీ. ఎడం ఉంచడం మంచిది. మూత అంచుకు కూడా దూరంగా ఉండాలి.

రంధ్రం కోయడం: గ్యాస్ కటింగ్‌తో కోసిన రంధ్రం అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది. కోత దశలోనే రేకు వేడెక్కి వంగుతుంది. ఆ సందులను పూడ్చడానికి అదనపు లోహం నింపవలసి వస్తుంది, దానితో వేడి మరింత పెరుగుతుంది. హోల్ సా బిళ్లతో డ్రిల్లింగ్ యంత్రంపై కోస్తే రంధ్రం గుండ్రంగా, చల్లగా వస్తుంది. సాకెట్ చేతితో నెట్టితే బిగువుగా దూరాలి. చుట్టూ సందు అర మిల్లీమీటరు మించకుండా చూడాలి. వంకరను తగ్గించే చర్యలన్నింటిలో అతి తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే.

శుభ్రత: రంధ్రం చుట్టూ 25 మి.మీ. మేర రంగు, తుప్పు, నూనె తొలగించాలి. మురికి ఉన్న చోట ఆర్క్ నిలవదు. పనివాడు ఒకే చోట ఎక్కువసేపు ఆగవలసి వస్తుంది. సాకెట్‌కు టెఫ్లాన్ టేపు, రబ్బరు వాషరు ఉంటే ముందుగానే తీసివేయాలి. టెఫ్లాన్ కాలితే వెలువడే పొగ హానికరం.

ప్యాడ్ ప్లేటు: సాకెట్‌కు బరువైన వాల్వు, పంపు గొట్టం వంటివి వేలాడితే సన్నని రేకు ఆ భారాన్ని మోయలేదు. అటువంటి చోట రేకు కంటే మందమైన గుండ్రని పలకను సాకెట్ చుట్టూ అదనంగా అతికిస్తారు. పలకకు మూలలు ఉండరాదు, మూలల వద్దనే పగుళ్లు మొదలవుతాయి. రెండు రేకుల మధ్య చిక్కిన గాలి వేడికి వ్యాకోచించి పోయేందుకు పలకలో చిన్న రంధ్రం తప్పక వదలాలి. అయితే ప్యాడ్ అంచు చుట్టూ వేసే వెల్డ్ కూడా అదనపు వేడేనని గుర్తించాలి. భారం లేని చోట ప్యాడ్ అనవసరం.

అతుకుల వరుస: ట్యాంకు నిలువు, అడ్డ అతుకులన్నీ ముందు పూర్తి చేసి, తరువాత ఫిట్టింగులు, చివరగా మూత అంచును సాపు చేయడం సరైన వరుస. ఎక్కువ సంకోచం కలిగించే అతుకులు ముందే పూర్తయితే, ఆ సంకోచం తరువాత అమర్చిన భాగాలను లాగదు.

వెల్డ్ పరిమాణం – వేడి పరిమాణం

గట్టిగా ఉండాలన్న ఉద్దేశంతో సాకెట్ చుట్టూ లావుగా వెల్డ్ పోయడం సాధారణంగా కనిపించే అలవాటు. కాని వెల్డ్ బలం అతుకులోని సన్నని భాగాన్ని మించి ఉపయోగపడదు. 2 మి.మీ. రేకుకు 6 మి.మీ. ఫిల్లెట్ వేసినా రేకు బలం పెరగదు, వంకర మాత్రం పెరుగుతుంది. ఫిల్లెట్ వెల్డ్‌లో లోహం పరిమాణం దాని భుజం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. ఉదాహరణకు బయటి వ్యాసం 40 మి.మీ. ఉన్న సాకెట్ చుట్టుకొలత సుమారు 126 మి.మీ. దీనికి 3 మి.మీ. భుజంతో ఫిల్లెట్ వేస్తే సుమారు 4.5 గ్రాముల లోహం సరిపోతుంది. 6 మి.మీ. వేస్తే దాదాపు 18 గ్రాములు పడుతుంది. భుజం రెట్టింపైతే లోహం నాలుగు రెట్లు, దానిని కరిగించడానికి కావలసిన వేడి కూడా ఆ మేరకు ఎక్కువ.

అతుకు పొడవులో ప్రతి మిల్లీమీటరుకు అందే వేడిని లెక్కించడానికి వోల్టేజిని, కరెంటును, 60ని గుణించి, నిమిషానికి మిల్లీమీటర్లలో ఉన్న వేగంతోను, 1,000తోను భాగించాలి. ఫలితం కిలోజౌళ్లలో వస్తుంది. 2.5 మి.మీ. ఎలక్ట్రోడ్‌తో 75 ఆంపియర్లు, 23 వోల్టులు, నిమిషానికి 150 మి.మీ. వేగంతో సాగితే మిల్లీమీటరుకు 0.69 కిలోజౌళ్లు అవుతుంది. 3.15 మి.మీ. ఎలక్ట్రోడ్‌తో 110 ఆంపియర్లు, 24 వోల్టులు, 120 మి.మీ. వేగంతో సాగితే 1.32 కిలోజౌళ్లు అవుతుంది. ఇందులో కొంత గాలిలో కలిసిపోయినా, రెండింటి నిష్పత్తి మారదు. లావు ఎలక్ట్రోడ్, నెమ్మది చేయి రెండూ కలిస్తే రేకుకు దాదాపు రెట్టింపు వేడి అందుతుంది.

కనుక 2 మి.మీ. రేకుకు 2 లేదా 2.5 మి.మీ. ఎలక్ట్రోడ్, స్థిరమైన తక్కువ కరెంటు, పొట్టి ఆర్క్ వాడాలి. ఎలక్ట్రోడ్‌ను అటూ ఇటూ ఊపకుండా తిన్నగా ముందుకు నడిపించాలి. డి.సి. యంత్రమైతే, సాధారణంగా వాడే రూటైల్ పూత ఎలక్ట్రోడ్‌ను రుణ ధ్రువానికి కలిపితే రేకుకు రంధ్రం పడే ముప్పు తగ్గుతుంది. సాకెట్ గోడ మందంగా, రేకు సన్నగా ఉంటాయి కాబట్టి ఆర్క్‌ను ఎక్కువగా సాకెట్ వైపు నిలిపి, కరిగిన లోహం అంచు మాత్రమే రేకును తాకేలా చూడాలి. 1.6 మి.మీ. లేదా అంతకంటే సన్నని రేకులకు 0.8 మి.మీ. తీగతో మిగ్, లేదా టిగ్ పద్ధతి అనుకూలం.

ట్యాక్‌లు – వెల్డింగ్ క్రమం

సాకెట్‌ను రంధ్రంలో నిలిపి, మూలమట్టంతో రెండు దిక్కులా లంబంగా ఉందో లేదో చూడాలి. గడియారం ముఖంతో పోల్చితే మొదట 12 వద్ద, తరువాత 6 వద్ద, ఆపై 3 వద్ద, చివరగా 9 వద్ద చిన్న ట్యాక్‌లు వేయాలి. ఒక్కొక్కటి 5 నుంచి 8 మి.మీ. ఉంటే సరిపోతుంది. ప్రతి ట్యాక్ తరువాత లంబాన్ని మళ్లీ పరీక్షించాలి. సాకెట్ పక్కకు వాలితే ఈ దశలో సరిచేయడం సులభం, వలయం పూర్తయిన తరువాత దాదాపు అసాధ్యం.

ఒకే ఊపులో చుట్టూ తిప్పి వెల్డ్ పూర్తి చేయడం వంకరకు ప్రధాన కారణాలలో ఒకటి. అలా చేస్తే ముందు వేసిన భాగం చల్లారకముందే తరువాతి భాగం వేడిని జోడిస్తుంది. సంకోచం ఒకవైపు నుంచి మొదలై సాకెట్‌ను ఆ వైపుకే వాల్చుతుంది. అందుకు బదులు వలయాన్ని నాలుగు భాగాలుగా చేయాలి. 40 మి.మీ. సాకెట్‌కు ఒక్కో భాగం సుమారు 31 మి.మీ. వస్తుంది. 12 నుంచి 3 వరకు ఒక భాగం, దానికి ఎదురుగా 6 నుంచి 9 వరకు రెండోది, ఆపై 3 నుంచి 6 వరకు మూడోది, చివరగా 9 నుంచి 12 వరకు నాలుగోది వేయాలి. రెండు భాగాల మధ్య చేతితో తాకగలిగేంత చల్లారే వరకు ఆగాలి. ఆ విరామంలో మరో సాకెట్‌పై పని చేయవచ్చు. ట్యాంకుకు నాలుగైదు ఫిట్టింగులు ఉన్నప్పుడు వాటి మధ్య మారుతూ పనిచేస్తే సమయం వృథా కాదు.

ప్రతి భాగం చివర గుంటను నింపి, తరువాతి భాగాన్ని కొన్ని మిల్లీమీటర్లు దాని మీదికి ఎక్కించాలి. కారుడు ఎక్కువగా ఈ కలయికల వద్దే మొదలవుతుంది. మడ్డిని సుత్తితో, బ్రష్‌తో తొలగించకుండా దానిపై మళ్లీ వెల్డ్ వేయరాదు. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఆ లోహపు బ్రష్‌నే వాడాలి. మామూలు ఉక్కు బ్రష్ రుద్దితే దాని కణాలు అంటుకొని తుప్పు మొదలవుతుంది.

వేడిని లాగే, రేకును పట్టి ఉంచే సాధనాలు

రాగి ఉష్ణవాహకత మృదు ఉక్కు కంటే ఏడెనిమిది రెట్లు ఎక్కువ. సాకెట్ వెలుపలి కొలతకు తగినట్లు రాగి వలయం చేయించి, అతుకు వెనుక రేకుకు ఆనించి బిగిస్తే వేడిని త్వరగా లాగివేస్తుంది. రాగి లేని చోట మందమైన ఉక్కు వాషర్లు కొంతవరకు పనిచేస్తాయి. సాకెట్‌లో పాత నిపుల్ లేదా ప్లగ్ బిగించి వెల్డ్ చేస్తే మరలు కోలగా మారవు, వాటిపై నిప్పురవ్వలు పడవు. పని పూర్తయి చల్లారిన తరువాత దానిని తీసివేయాలి.

చదును గోడపై సాకెట్ అమర్చేటప్పుడు చుట్టూ తాత్కాలికంగా యాంగిల్ ముక్కలను క్లాంపులతో బిగిస్తే అలలు తగ్గుతాయి. పూర్తిగా చల్లారిన తరువాతనే క్లాంపులు విప్పాలి. వేడిగా ఉండగా విప్పితే మిగిలిన సంకోచం రేకును వంచివేస్తుంది. తడి గుడ్డను అతుకుకు కొంత దూరంలో చుట్టవచ్చు. కాని కరిగిన లోహానికి తేమ తగలనీయరాదు, ఎర్రగా ఉన్న వెల్డ్‌పై నీరు పోయరాదు.

పాత ట్యాంకులు: ప్రాణభద్రత

కొత్త ట్యాంకు విషయంలో పొరపాటు జరిగితే రేకు చెడుతుంది. పాత ట్యాంకు విషయంలో ప్రాణాలే పోవచ్చు. ఖాళీగా ఉన్న డీజిల్, పెట్రోలు డ్రమ్ములు నిండుగా ఉన్న వాటికంటే ప్రమాదకరం. అడుగున మిగిలిన కొద్ది ఇంధనం ఆవిరై, లోపలి గాలితో కలిసి పేలుడు మిశ్రమంగా మారుతుంది. గోబర్ గ్యాస్‌లోని మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వకే పేలుతుంది. అదే వాయువులో ఉండే హైడ్రోజన్ సల్ఫైడు విషపూరితం. గ్యాస్ డ్రమ్మును గుంత నుంచి బయటికి తీసి, తిరగవేసి, కడిగి, బాగా గాలి ఆడనిచ్చిన తరువాతనే పనిచేయాలి. గుంతపై ఉండగా ఎట్టి పరిస్థితులలోనూ వెల్డింగ్ చేయరాదు.

పురుగుమందులు నిల్వ చేసిన పాత్రలలో మండే ద్రావణుల అవశేషాలు ఉండవచ్చు. వాటిని కాలిస్తే విషవాయువులు వెలువడతాయి. అటువంటి పాత్రలను మరమ్మతు చేయకుండా పక్కన పెట్టడమే మంచిది. ఎరువుల ట్యాంకు అడుగున గట్టిపడిన లవణాలను, ముఖ్యంగా అమ్మోనియం నైట్రేట్ ఉన్న ఎరువుల అవశేషాలను, పూర్తిగా కడగకుండా వేడి తగలనీయరాదు. ఏ ట్యాంకునైనా మూతలు, రంధ్రాలు అన్నీ తెరిచి ఉంచి మాత్రమే వెల్డ్ చేయాలి. మనిషి లోపలికి దిగి పనిచేయవలసి వస్తే గాలి ఆడే ఏర్పాటు, బయట మరొక వ్యక్తి కాపలా తప్పనిసరి. మిగ్, టిగ్ పద్ధతులలో వాడే ఆర్గాన్ గాలి కంటే బరువైనది. అది ట్యాంకు అడుగున చేరి, ఆక్సిజన్‌ను తోసివేస్తుంది.

ట్రాక్టర్‌కు తగిలించి ఉన్న ట్యాంకుకు వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ తీగలు విప్పాలి. ఎర్త్ క్లాంపును అతుకుకు దగ్గరగా, శుభ్రమైన లోహంపై బిగించాలి. దూరంగా బిగిస్తే కరెంటు చక్రాల బేరింగుల గుండా ప్రవహించి వాటిని పాడుచేస్తుంది.

పరీక్షించే విధానం

వెల్డ్ చల్లారాక మొదట కంటితో చూడాలి. గుంటలు, రంధ్రాలు, రేకు అంచు తెగినట్లు కనిపించే గాడి లేకుండా ఉండాలి. తరువాత ఉక్కు స్కేలును సాకెట్ పక్కగా రేకుపై నిలిపి, మధ్యనున్న సందును ఫీలర్ గేజితో కొలవాలి. వెల్డింగ్‌కు ముందు కూడా ఇదే కొలత తీసి ఉంటే వంకర ఎంత వచ్చిందో తెలుస్తుంది.

పీడనం లేని నీటి ట్యాంకుకు సుద్ద–కిరోసిన్ పరీక్ష చాలు. అతుకు బయటి వైపు సుద్ద పూసి ఆరనిచ్చి, లోపలి వైపు కిరోసిన్ రాయాలి. సన్నని రంధ్రం ఉన్నా సుద్దపై తడి మచ్చ కనిపిస్తుంది. పరీక్ష తరువాత కిరోసిన్‌ను పూర్తిగా తుడిచి ఆరనివ్వకుండా ఆ చోట మళ్లీ వెల్డ్ చేయరాదు. గోబర్ గ్యాస్ డ్రమ్ముకు సబ్బు నురుగు పరీక్ష అనుకూలం. పాలు లేదా తాగునీరు నిల్వ చేసే ట్యాంకులకు కిరోసిన్ వాడకుండా నీరు నింపి పరీక్షించాలి.

పీడనంతో పనిచేసే ఎరువుల ట్యాంకును, వడపోత ట్యాంకును నీటితో నింపి, గాలి పూర్తిగా పోనిచ్చి, పని పీడనానికి ఒకటిన్నర రెట్ల వరకు చేతి పంపుతో పెంచి పరీక్షించాలి. కంప్రెసర్ గాలితో పరీక్షించడం ప్రమాదకరం. నీరు దాదాపు సంకోచించదు కాబట్టి అతుకు తెగినా పీడనం వెంటనే పడిపోతుంది. గాలి మాత్రం స్ప్రింగులా శక్తిని దాచుకొని ఒక్కసారిగా విడుదల చేస్తుంది. చదును గోడల నీటి ట్యాంకులో చదరపు సెంటీమీటరుకు 0.1 కిలో గాలి పీడనం కూడా చదరపు మీటరు గోడపై 1,000 కిలోల బలాన్ని కలిగిస్తుంది.

వంకర వచ్చిన తరువాత

స్వల్పమైన కుంగుడును వెనుక ఇనుప దిమ్మె ఆనించి, వెల్డ్‌పై సుత్తితో మెల్లగా కొట్టి సరిచేయవచ్చు. కొట్టిన లోహం కొద్దిగా సాగి, సంకోచాన్ని కొంత తీరుస్తుంది. మృదు ఉక్కు రేకులో ఉబ్బిన భాగాన్ని చిన్న చుక్కలుగా వేడిచేసి చల్లారనిచ్చే పద్ధతి కూడా ఉంది. దానికి అనుభవం అవసరం. స్టెయిన్‌లెస్ స్టీలుకు అది తగదు. లోపలి పూత ఉన్న ట్యాంకుకు వేడి తగిలితే పూత కాలిపోతుంది. అందువల్ల పూత ఎప్పుడూ వెల్డింగ్, పరీక్ష రెండూ పూర్తయిన తరువాతనే వేయించాలి.

విస్తరణ కార్యకర్తల పాత్ర

రైతులకు, రైతు సంఘాలకు, యంత్రాల అద్దె కేంద్రాలకు ట్యాంకులు చేయించేటప్పుడు ఆర్డరులో లీటర్లు, గేజి మాత్రమే రాయడం ఆనవాయితీ. దానికి కొన్ని వాక్యాలు జోడిస్తే చాలు: ఉక్కు సాకెట్లు మాత్రమే వాడాలి, రంధ్రాలు హోల్ సాతో కోయాలి, ఫిల్లెట్ 3 మి.మీ. మించరాదు, నాలుగు భాగాలుగా, ఎదురెదురుగా వెల్డ్ చేయాలి, పూతకు ముందు నీటి పరీక్ష కొనుగోలుదారు సమక్షంలో జరగాలి. వీటిలో ఏదీ ఖరీదైన యంత్రాన్ని కోరదు. హోల్ సా బిళ్ల, ప్లగ్, మూలమట్టం సాధారణ వర్క్‌షాపులో సమకూర్చుకోగలిగినవే.

వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థులు ఈ సూత్రాన్ని ప్రయోగశాలలోనే పరిశీలించవచ్చు. 2 మి.మీ. మందం, 300 మి.మీ. భుజం గల రెండు చదరపు పలకలు, రెండు ఒకే రకం సాకెట్లు తీసుకోవాలి. ఒకదానికి లావు ఎలక్ట్రోడ్‌తో చుట్టూ ఆపకుండా వెల్డ్ చేయాలి. రెండోదానికి సన్నని ఎలక్ట్రోడ్‌తో నాలుగు భాగాలుగా, చల్లారనిస్తూ వెల్డ్ చేయాలి. రెండింటినీ చదును బల్లపై ఉంచి, నాలుగు మూలల వద్ద ఎత్తు కొలిచి నమోదు చేయాలి. ఇదే ప్రదర్శనను కృషి విజ్ఞాన కేంద్రాల శిక్షణలో గ్రామీణ వెల్డర్ల ఎదుట నిర్వహిస్తే, వారు తమ చేతితో చేసిన రెండు పలకలనూ పక్కపక్కన పెట్టి తేడాను స్వయంగా కొలిచి చూసుకోగలుగుతారు.